దిబ్బ పక్కన నాటిన మొక్కలు

బెంగళూరులో పార్కులు డిజైన్ చేసే బృందానికి నేను మేనేజర్‌ని. రాబర్ట్‌సన్‌పేట దగ్గర, బంగారు గనుల కాలంలో, సైనైడ్‌తో బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన దిబ్బ పక్కన ఒక పార్కు పని వచ్చింది. మా బృందంలో మట్టి, మొక్కల సంగతి చూసే అమ్మాయిది ఆ ఊరే.

"మా నాయన గనిలో చేసినాడు మేడమ్. ఆ మట్టిలో ఏదీ బతకదు. ముందు మట్టి మార్చాల," అంది.

గడువు దగ్గరపడిందని ఆ పనిని ప్లానులోంచి నేనే కొట్టేశాను. ఎండాకాలానికి మొక్కలన్నీ మాడిపోయాయి. మీటింగులో క్లయింటు, "మట్టి ఎవరు చూశారు?" అని అడిగాడు. అందరూ ఆమె వైపు తిరిగారు. నేను నోరు తెరవలేదు.

సాయంత్రం తప్పు నాదేనని అందరికీ మెయిల్ పంపి, ఆమెను క్షమించమన్నాను.

"మీటింగులో ఆడనే చెప్పింటే బాగుండేది మేడమ్," అంది.

ఆ నెలలోనే వేరే బృందానికి మారిపోయింది. నేను ఆపలేకపోయాను.