కోతులతో నేను కలిపిన చుట్టరికం

ఊరు ఊరంతటినీ ఒక్క గంటలో కొత్త మూఢనమ్మకంలోకి నెట్టిన ఘనత నాకు తెలిసి ఏ బాబాకూ దక్కలేదు. నాకు దక్కింది. అదీ పరిణామవాదం మీద ఉపన్యాసం ఇచ్చి! నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా చిన్నమ్మ దగ్గర మాత్రం ఈ కథ ఎత్తకండి.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. నాగర్‌కర్నూల్‌లో కాపురం, వారానికో చర్చావేదిక, నెలకో ఘాటు వ్యాసం. ప్రపంచాన్ని దేవుడు చేశాడనేవాడు బస్సులో నా పక్క సీట్లో కూర్చున్నాడా, దిగేలోపు ఓడించి పంపేవాణ్ని. ఒకాయనైతే నా ధాటికి తట్టుకోలేక తన ఊరికి రెండు స్టేజీల ముందే దిగి నడిచిపోయాడు. దాన్ని కూడా హేతువాద విజయాల ఖాతాలోనే వేసుకున్నాను.

అలాంటి రోజుల్లో మా చిన్నమ్మ చంద్రమ్మ ఫోన్ చేసింది. చిన్నాయన పోయాక ఆమె ఉప్పునుంతల పక్కన ఒక పల్లెలో రెండెకరాలు కౌలుకు పట్టి ఒక్కతే సేద్యం చేస్తోంది. ఆ ఏడు మక్కజొన్న వేసింది. కంకి పాలు పోసుకునే వేళకు కోతుల మంద దిగింది.

"పొద్దు పొడవకముందు పోయి పళ్లెం కొడుతున్న కొడుకా. చేతులు పడిపోయినయి. ఈ దిక్కు ఎల్లగొడితే ఆ దిక్కు దిగుతయి. ఇంకో వారం గిట్లనే ఉంటే చేన్ల గింజ లేని బెండ్లే మిగుల్తయి. బోన్లు పెట్టి పట్టేటోళ్లున్నరంట. ఊరంత ఒక్కమాట మీద ఉంటెనే వస్తమంటున్నరు."

"మరి ఊరేమంటున్నది చిన్నమ్మా?"

"అందరు సరే అన్నరు. బాలయ్య తాత ఒక్కడే వద్దంటుండు. నువ్వు సదువుకున్నోడివి. మీటింగుల నిలబడి ఒక్కమాట చెప్పు. కోతులను సంపరు, నల్లమలల ఇడిచిపెడ్తరు అని. గంతే. ఇంకేం జెప్పకు. గంతే."

బాలయ్య తాత అంటే అంజన్న గుళ్లో రోజూ దీపం పెట్టే ముసలాయన. ఆ పేరు వినగానే నా రక్తం మరిగింది. "గంతే" అన్న మాట చిన్నమ్మ రెండుసార్లు అన్నదని మీరు గమనించారు. నేను గమనించలేదు. ఆమె అడిగిన ఒక్కమాటకు నలభై నిమిషాల ఉపన్యాసం తయారు చేసుకుని, చేపతో మొదలై మనిషితో ముగిసే రంగుల పటం ఒకటి చుట్టచుట్టి చంకన పెట్టుకుని బస్సెక్కాను.

ఆదివారం పొద్దున గ్రామపంచాయతీ ముందర జనం కూర్చున్నారు. సర్పంచ్ రాములు నాకు మైకు అందించాడు. కోతికి కొబ్బరికాయ దొరికితే ఏం చేస్తుందో మీకు తెలుసు. నాకు మైకు దొరికింది.

"మీరు కోతిని దేవుడంటున్నారు! ప్రతి ప్రాణినీ దేవుడు విడివిడిగా చేశాడంటున్నారు!" అని మొదలుపెట్టాను.

నిజానికి ఎవరూ ఏమీ అనలేదు. బాలయ్య తాత ఒక మూల కూర్చుని ఆరిపోయిన బీడీని మళ్లీ వెలిగించుకునే పనిలో ఉన్నాడు. కానీ ఎదుటివాడు అనని మాటకు జవాబు చెప్పడం మా చర్చావేదికలో అన్నిటికన్నా పెద్ద విద్య.

"కోతి దేవుడు కాదు! కోట్ల ఏళ్ల కింద కోతికీ మనిషికీ మూలపురుషులు ఒక్కరే! మనం ఒక్క వంశం! ఇది మీరు నమ్మితే చాలు!"

అయ్యో, నమ్మేశారు.

రాములు చెయ్యెత్తాడు. "జర ఆగు సారూ. కోతి మన తాత అంటున్నవా?"

"తాత కాదు. అది అందరూ చేసే పొరపాటు. కోతి మనకు తాత కాదు, దాయాది."

శాస్త్రపరంగా ఇంత చక్కటి జవాబు నేనెప్పుడూ చెప్పలేదు. నా సర్వనాశనం కూడా సరిగ్గా అక్కడే మొదలైంది.

"దాయాదంటే పాలోళ్లే గద!" అని వెనకనుంచి ఒకామె లేచింది. "పాలోళ్లయితే చేన్ల వాటా ఉంటది. అవి తినేది వాటి వాటానేనా ఏంది?"

"వాటా ఏమీ లేదమ్మా! నేను చెప్పేది ఏమిటంటే..."

"సారూ, నాదొకటి జెప్పు," అన్నాడు రాములు. అతని ముఖంలో రంగు మారింది. "మొన్న మా మిద్దె మీద కోతి కరెంటు తీగ పట్టుకొని సచ్చింది. మూడోనాడు నేను కొత్త ట్రాక్టరుకు పూజ చేయించిన. పాలోళ్లు పోతే పదకొండొద్దులు సూతకం గద. ఇప్పుడు నా ట్రాక్టరు ఏంగావాలె?"

"సూతకం గీతకం ఏమీ ఉండదు! అదంతా మూఢనమ్మకం!"

"సుట్టరికం ఉన్నదంటివి. సూతకం లేదంటివి. ఇదేం లెక్క సారూ?"

పాఠకులారా, పండితులను నోరెత్తనివ్వని నన్ను ఒక ట్రాక్టరు ఓడించింది. తర్కం పూర్తిగా అతని వైపే ఉంది. పటం విప్పి చేపను చూపించబోతే, "ఇదెవరు, ఇది గిట్ల మన మేనత్తనా?" అని ఎవరో అన్నారు. చెరువు చేపలు అమ్మే ఒకాయన లేచి వెళ్లిపోయాడు.

చివరి దెబ్బ ఒక ముసలమ్మ కొట్టింది. "నాలుగొద్దులల్ల పెత్తరమాస ఉన్నది. పెద్దలకు బియ్యమిచ్చే అమాస ముంగట పెద్దలను పట్టి బోన్ల ఏస్తమా? నా ఇంట పొయ్యి ఎలుగుతదా?"

బోన్లకు సరే అనేవాళ్లను రాములు చేతులెత్తమన్నాడు. చిన్నమ్మ చెయ్యి ఒక్కటే లేచింది. పొద్దున ఒక్క బాలయ్య తాత కాదన్న పనిని మధ్యాహ్నానికి ఊరంతా కాదన్నది. పొద్దున కోతి వట్టి దేవుడు. ఇప్పుడు దేవుడూ, పెద్దతాతా. వినాయకుణ్ని చేయబోతే కోతి అయిందని అందరూ వాపోతారు. నేను కోతిని కోతి చేయబోతే కులపెద్దయి కూర్చుంది.

చిన్నమ్మ తిట్టి ఉంటే బాగుండేది. ఆమె పళ్లెం, కట్టె చేతపట్టుకుని, "మస్తు జెప్పినవు బిడ్డా. అన్నం గంపకింద ఉన్నది, తిను. చేనుకాడ ఎవ్వరు లేరు, నేను పోత," అని వెళ్లిపోయింది. కాసేపటికి దూరం నుంచి పళ్లెం చప్పుడు వినబడింది. అన్నం మీది గంప ఎత్తకుండానే లేచాను.

సిగ్గు విడిచి బాలయ్య తాత దగ్గరికి పోయాను. గుడి అరుగు మీద దీపపు వత్తులు చేసుకుంటున్నాడు.

"తాతా, ఓడిపోయిన."

"నాకు తెల్వదు బిడ్డా. నువ్వెవరితోని కొట్లాడినవు?"

"నీతోనే!"

"నాతోనా?" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేను బీడీ తాగుతుంటి గద!"

"మరి కోతులను పట్టొద్దని నువ్వెందుకన్నవు?"

"పక్క ఊర్ల చూసిన. చిన్న బోన్ల యాభై కుక్కి, నీళ్లియ్యక, తోకలు పట్టి గుంజిన్రు. పిల్లతల్లి ఒకటి ఎండకు సచ్చింది. పాణం ఒప్పలే. పెద్ద బోన్లు తెచ్చి, నీళ్లు వెట్టి తీస్కపోతే నేనెందుకు వద్దంట? చంద్రమ్మ కష్టం నాకు తెల్వదా? ఒక్కడన్న అడిగిండా నన్ను? నువ్వేమో చేపకాడికి పోతివి."

నలభై నిమిషాల ఉపన్యాసం. అడగాల్సింది ఒక్క ప్రశ్న.

"ఇప్పుడెట్ల తాతా? ఊరంత పెద్దలని నమ్మింది."

ఆయన వత్తులు పక్కన పెట్టి లేచాడు. నేను వెంట నడిచాను. పంచాయతీ ముందర ఇంకా ట్రాక్టరు సూతకం గురించే వాదన నడుస్తోంది. బాలయ్య తాతకు మైకు అక్కర్లేదు.

"ఏమయ్యా, పెద్దలు పెత్తరమాసకు వస్తరు, మనం పెట్టింది తీసుకుంటరు, మళ్ల వాళ్ల లోకానికి పోతరు. అవునా? పోకుండ ఇండ్ల మీదనే తిరిగేటోళ్లను ఏమంటరు?"

కూర్చున్నవాళ్లు దగ్గరికి జరిగారు.

"దయ్యాలంటరు," అన్నాడు రాములు చిన్న గొంతుతో.

"మరి సాగనంపుతరా, దయ్యాలను జేస్తరా? అంజన్న జాగ అడివి. మర్యాదగ పంపుదాం. పెద్ద బోన్లు, తాగ నీళ్లు. తోక పట్టి గుంజినోని చెయ్యి ఇరుస్త."

ఒక్క నిమిషంలో చేతులన్నీ లేచాయి. పరిణామవాదం విఫలమైన చోట దయ్యం గెలిచింది. అభ్యంతరం చెప్పడానికి నేను నోరు తెరిచాను. పళ్లెం చప్పుడు వినబడి మూసుకున్నాను. నా హేతువాద జీవితంలో నేను చేసిన మొదటి హేతుబద్ధమైన పని అదే.

పెత్తరమాస వెళ్లిన మర్నాడు పెద్ద బోన్లు వచ్చాయి. అరటిపండ్లు పెడితే మంద లోపలికి వెళ్లింది. ఊళ్లో ఖాజామియా నడిపే ట్రాలీ ఆటోలో బోన్లు ఎక్కించాక బాలయ్య తాత నా చేతిలో కొబ్బరికాయ పెట్టాడు.

"సాగనంపేటప్పుడు అయినోళ్లు ఒక్కరన్న ఎంట ఉండాలె. సుట్టరికం జెప్పింది నువ్వే. ఎక్కు."

చిన్నమ్మ కూడా "ఎక్కు" అంది.

ఎక్కాను. నల్లమల అంచుదాకా బోను పక్కన కూర్చుని పోయాను. దారిలో ఒక పెద్దకోతి చువ్వల మధ్యనుంచి చెయ్యి చాపి నా కళ్లద్దాలు లాక్కుంది. "పాలోళ్ల వస్తువు పాలోళ్లు తీసుకుంటే తప్పేంది సారూ," అన్నాడు ఖాజామియా స్టీరింగ్ వదలకుండానే.

అడవి దగ్గర బోన్లు తెరిచారు. కొబ్బరికాయ కొట్టాను. అవును, నేనే కొట్టాను. ఒక్కొక్కటే దూకి చెట్లలోకి వెళ్లిపోయాయి. పెద్దకోతి మాత్రం నా అద్దాలు కొమ్మకు తగిలించి వెనక్కి తిరిగి నన్నే చూసింది. ఇంటినుంచి ఎవరు వెళ్తున్నా మనం ఏమంటామో మీకు తెలుసు. ఉత్త "పో" అనం గదా. చిన్నప్పటినుంచి అలవాటైన నోరు, మర్యాద తప్పలేదు.

"పోయి రాండ్రి," అన్నాను.

ఖాజామియా నెత్తి కొట్టుకున్నాడు. "రమ్మంటవేంది సారూ! చంద్రమ్మక్కకు తెలిస్తే రేపు నిన్ను ఈ బోన్లనే తెస్త!"

ఆ ఏడు మక్క ఇంటికి చేరింది. పరిణామవాదం అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే; కావాలంటే నా వ్యాసాలు చదవండి. కానీ ఆ అడవి అంచున, కళ్లద్దాలు లేని కళ్లతో నేనొక ప్రతిజ్ఞ చేశాను. దేవుడి మీద ఒట్టు వేయలేను కనుక మా చిన్నమ్మ మీద వేశాను: ఎదుటి మనిషిని "నీ బాధ ఏంది?" అని అడగకుండా ఈ జన్మలో మైకు ముట్టను. ఎంత దగ్గరి చుట్టమైనా సరే, కోతిని మళ్లీ రమ్మని పిలవను.