షటిల్‌ను చేత్తో పట్టుకున్నాను

ఢిల్లీకి కాపురానికొచ్చిన ఏడు నెలల్లో నేను రోజూ మాట్లాడిన మనుషులు ఇద్దరే. ఒకరు మావారు, రెండోవాడు కూరగాయల బండి భయ్యా. ఆ భయ్యాకు నా హిందీ సగం కూడా అర్థమయ్యేది కాదు, అయినా ఓపిగ్గా వినేవాడు. మావారికి నా తెలుగు పూర్తిగా అర్థమయ్యేది, కానీ ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి వింటూ వింటూనే నిద్రపోయేవారు. తొంభైల మధ్యలో, వసంత్ కుంజ్‌లో, మూడో అంతస్తు ఇంట్లో, మాటకు మొహం వాచిపోయి ఉన్నాను.

మా బ్లాకు వెనక పార్కులో కాలనీ ఆడవాళ్లు బ్యాడ్మింటన్ క్లబ్బు నడిపేవారు. సాయంత్రం నాలుగయితే వల కట్టేవారు. వాళ్లు ఒకరి మీద ఒకరు అరుచుకోవడం, అంతలోనే నవ్వుకోవడం బాల్కనీలోంచి చూస్తుంటే నాకు కడుపు మండిపోయేది.

"వెళ్లి అడగొచ్చు కదే, కొరుక్కుతింటారా ఏంటి?" అన్నారు మావారు ఓ ఆదివారం.

"అడుగుతాను. చేర్చుకోకపోతే మాత్రం కాకినాడ వెళ్లిపోతాను. మీరు అశోకా రోడ్డులో మన ఆంధ్రా క్యాంటీనుకెళ్లి భోంచేసుకోండి."

వేళాకోళానికి అనలేదు. అప్పటికే అటక మీంచి సూట్‌కేసు దించి మంచం పక్కన పెట్టుకున్నాను.

క్లబ్బు సెక్రటరీ ఒక పంజాబీ ఆవిడ. స్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యారు. మెడలో ఈల ఇంకా వేలాడుతూనే ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లు పాతవాళ్లతో ఒక గేము ఆడాలని, ఆ తర్వాత చేర్చుకోవాలో వద్దో అందరూ కలిసి చెబుతారని అక్కడి పద్ధతి వివరించారు.

"ఇదివరకు ఆడారా?" అని అడిగారు.

"కాలేజీ టీముకు మూడేళ్లు ఆడాను" అన్నాను.

ఏ ఆటో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. నేను ఆడింది టెన్నికాయిట్. రబ్బరు రింగును వల మీంచి విసురుతారు, అవతలివాళ్లు దాన్ని ఒంటిచేత్తో పట్టుకుని తిరిగి విసరాలి. మా వైపు ఆడపిల్లల కాలేజీల్లో ఆ ఆట రానివాళ్లు తక్కువ. బ్యాడ్మింటన్ రాకెట్టు మాత్రం నేను జన్మలో ముట్టుకోలేదు. వలా, గీతలూ, అటు ఇద్దరు ఇటు ఇద్దరు, అన్నీ ఒకటే కదా, కాస్త రాకెట్టు అడ్డం వచ్చిందంతే అనుకున్నాను. నాకు ఆటల దగ్గర ఉన్న పొగరు ఇంకెక్కడా లేదు.

మర్నాడు చీర కుచ్చిళ్లు ఎత్తి కట్టి, మావారి కాన్వాసు బూట్లలో గుడ్డలు కుక్కుకుని దిగాను. మొదటి నాలుగు షటిళ్లలో రెండు వలకు తగిలాయి, రెండు అసలు రాకెట్టుకే తగల్లేదు. నా వైపు ఆడుతున్న కళ్లజోడు ఆవిడ "ఫరవాలేదు" అని మెల్లగా అంది. నాలుగోసారి కళ్లజోడు తీసి తుడుచుకుంది. సూట్‌కేసులో ముందు ఏ చీరలు సర్దాలా అని కూడా ఆలోచించాను.

అంతలో అవతలివాళ్లు కొట్టిన షటిల్ నా ఎడమ భుజం మీదికి ఎత్తుగా వచ్చింది. నేనేమీ అనుకోలేదు. ఒళ్లు దానంతటదే లేచింది. ఎడంచేత్తో షటిల్‌ను గాల్లోనే ఒడిసిపట్టుకుని, కాలు నేల మీద ఆనీ ఆనకముందే అవతలి మూలకు విసిరేశాను. రింగయితే మూలకే వెళ్లేది. ఇది వల దాటగానే ముక్కు కిందికేసి అక్కడే రాలిపడింది. పైగా పాయింటు మాదేనా అన్నట్టు సెక్రటరీ వంక చూశాను.

సెక్రటరీ నోట్లోంచి ఈల జారింది. ఆవిడ నెమ్మదిగా నా దగ్గరికి నడిచి వచ్చారు.

"కాలేజీలో మీరు ఆడిన ఆట ఏది?"

చెప్పేశాను. వచ్చీరాని హిందీలో, చేతులు తిప్పుతూ, రింగు ఎంతుంటుందో చూపిస్తూ, రాకెట్టు పట్టుకోవడం ఇదే మొదటిసారని కూడా చెప్పేశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్ల మీద కాదు, నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

ఆవిడ పది అడుగులు వెనక్కి వెళ్లి, డబ్బాలోంచి ఒక షటిల్ తీసి నా మీదికి విసిరారు. పట్టుకున్నాను. కుడివైపు విసిరారు, మోకాళ్ల దగ్గరికి విసిరారు, పట్టుకున్నాను. చూస్తున్నవాళ్లకు సరదా పుట్టి వాళ్లూ విసరడం మొదలుపెట్టారు. ఒక్కటి కింద పడనివ్వలేదు. చివరికి కళ్లజోడు ఆవిడ నవ్వలేక నేల మీద కూలబడింది.

"అచ్ఛా. చూపుంది, చెయ్యుంది. రాకెట్టు సంగతి నేను నేర్పుతాను" అన్నారు సెక్రటరీ. "ఇంకోసారి చేత్తో పట్టుకున్నావో, పార్కు చుట్టూ పది రౌండ్లు."

"ఠీక్ హై, దీదీ" అన్నాను. అమ్మయ్య అనుకున్నాను. ఇంటికొచ్చి గ్లాసుల కొద్దీ మంచినీళ్లు తాగాను.

ఆ నెలంతా రౌండ్లు చాలానే పరుగెత్తాను. తర్వాత ఒకరోజు జ్వరం తగిలి వెళ్లలేదు. ఒక్కరోజుకేముందిలే, నేను రాలేదని ఎవరు చూస్తారని దుప్పటి కప్పుకుని పడుకున్నాను. అయిదు దాటాక ఎవరో తలుపు బాదారు. తీస్తే సెక్రటరీ దీదీ. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతూనే అందుకున్నారు.

"ఇవాళ మిగతావాళ్లెవరూ రాలేదు, గంట నుంచి రాకెట్లు పట్టుకుని ముగ్గురం నిలబడే ఉన్నాం. నువ్వు లేకుండా నలుగురం ఎలా అవుతాం? బాల్కనీలోంచి ఒక్క కేక వేయడానికి నోరు లేదా?"

జ్వరమని చెప్పాను. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి, తిట్టడం ఆపకుండానే వంటింట్లోకి వెళ్లి టీ పెట్టసాగారు. అల్లం ఎక్కడుందని కూడా కోపంగానే అడిగారు.

అప్పుడే మావారు వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయి, "ఎవరావిడ? ఎందుకలా కేకలేస్తోంది?" అని గుసగుసగా అడిగారు.

"నేను వెళ్లలేదని ఇవాళ ఆట ఆగిపోయిందటండీ" అన్నాను. ఆ మాట చెబుతుంటే సంతోషంతో ఏడుపొచ్చేసింది.