అమ్మ నడుము మీద నా కాలు

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అలా పుట్టినవాళ్లు తొక్కితే నడుము పట్టు వదులుతుందని చేవెళ్ల దగ్గరి మా ఊళ్లో నమ్మకం. చిన్నప్పటి నుంచీ ఎందరో మా అరుగు మీద బోర్లా పడుకునేవారు. మడమతో మూడుసార్లు అదిమితే చాలు.

అమ్మకు లింఫ్ గ్రంథుల క్యాన్సర్. మూడు వారాలకోసారి కీమో, ప్రతిసారీ ఐదు రోజులు స్టెరాయిడ్ మాత్రలు. నాలుగో విడత అయ్యాక, టమాటాలు నింపిన డబ్బా జరపబోతే నడుము పట్టేసింది.

"జర తొక్కు బిడ్డా."

"డాక్టర్‌ను అడుగుదాం అమ్మా."

"ఊరోళ్ల నడుములన్నీ తొక్కినవ్. నాదే బరువైందా?"

తొక్కాను. మూడోసారి ఆమె సన్నగా మూలిగింది. కాలు తగిలించినందుకు పాదాలకు మొక్కి లేచాను.

పదో తరగతితో బడి మానేసినవాణ్ని. తర్వాత చదివిందంతా చేవెళ్ల గ్రంథాలయంలోనే. కీమో గురించి, రక్తకణాల గురించి అక్కడ చదివి నోటుబుక్కులో ఎక్కించి, ఇంట్లో అందరికీ పాఠం చెప్పేవాణ్ని. మర్నాటికీ నొప్పి తగ్గకపోతే మళ్లీ వెళ్లి మునుపు చదివిన పుస్తకమే తీశాను. స్టెరాయిడ్లు ఎముకలను గుల్లబారుస్తాయనీ, వెన్నుపూసలు కొద్దిపాటి ఒత్తిడికే కుంగవచ్చనీ ఉంది. నేను రాసుకున్నది దాని ముందు అధ్యాయం వరకే.

తెల్లారి కారు కిరాయికి మాట్లాడుకొని పట్నం దవాఖానకు బయలుదేరాం.

"తొక్కిన ముచ్చట చెప్పకు. నిన్నే తిడతరు," అన్నది అమ్మ.

ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ ఒక పూస కుంగిందన్నారు. నేను చెప్పేశాను. ఆమె ఎక్స్‌రేను మళ్లీ వెలుతురుకు పెట్టి చూశారు.

"మీరు తొక్కకముందే కుంగిందో, తర్వాతో దీన్ని చూసి చెప్పలేను. ఇకమీదట ఎవరూ ఆ నడుము తొక్కొద్దు. బరువులు ఎత్తనీయొద్దు."

కాల్షియం, విటమిన్ డి రాశారు. ఎముకలకు ఇంజెక్షన్ ఇవ్వాలి, దానికి ముందు పళ్లు చూపించుకొని రమ్మన్నారు.

"పండ్లకు, నడుముకు ఏం సంబంధంరా?" అని అమ్మ నన్నే అడిగింది. ఎప్పుడూ జవాబు సిద్ధంగా ఉండే నేను డాక్టరమ్మను అడిగితే, ఆ ఇంజెక్షన్ పడ్డాక పన్ను పీకితే దవడ ఎముక సరిగా మానకపోవచ్చన్నారు.

తిరుగు దారిలో, మొయినాబాద్ దాటాక, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ డ్రైవర్‌ను "మెల్లగ అన్నా" అంటూనే ఉన్నాను.

"మెల్లగనే పోతున్నడు గదా," అన్నది అమ్మ. "నువ్వు తొక్కకముందే అది పోయింది. నా నడుము నాకు తెల్వదా?"

నిజంగా తెలుసో, నా ఫికర్ చూడలేక అన్నదో అడిగే ధైర్యం లేదు. ఆమె వీపు వెనక చేయి అడ్డుపెట్టి రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను.