రెండు కళ్లూ మూసుకున్న గురువారం

ఆశా ప్రార్థనలో రెండు కళ్లూ మూసుకుని ఆరేళ్లయింది. ఎడమ కన్ను మూసి, కుడి కన్ను సగం తెరిచి, ఆ సగం కంటితో కూతుర్ని కనిపెట్టుకుని ఉండేది. చర్చిలో వెనక బెంచీల వాళ్లకు ఈ సంగతి తెలుసు. కొందరు నవ్వుకునేవారు, కొందరు నొసలు చిట్లించేవారు. వాళ్లకేం, వాళ్ల పిల్లలు పిలిస్తే పలుకుతారు.

స్నిగ్ధకు ఎనిమిదేళ్లు. మాట రాదు, పిలిస్తే తిరిగి చూడదు. ఏ వస్తువు దొరికినా వరసగా పేరుస్తుంది. తలుపు సందు దొరికితే మాత్రం ఎవరో పని చెప్పినట్టు తాపీగా బయటికి నడిచిపోతుంది. నీళ్లంటే ప్రాణం. మెదక్‌లో వాళ్లుండే వాడకు రెండు సందుల అవతలే పొలాలకు పారే కాలువ. ఆశా కుట్టుమిషన్ గుమ్మానికి ఎదురుగా వేసుకుని జాకెట్లు కుట్టేది, స్నానానికి పోతే పిల్లను వెంట తీసుకుపోయేది. తాళం వేద్దామంటే స్నిగ్ధ తలుపుకేసి నుదురు కొట్టుకునేది.

భర్త గిడియోన్‌ది సీసీ కెమెరాలు, అలారాలు బిగించే పని. ఊళ్లో సగం దుకాణాలకు కాపలా పెట్టిన మనిషి, సొంతింటికి పెట్టడానికి ఏడాది తిప్పాడు. తీరా పెట్టాక తలుపు తీయగానే సైరన్ కూసింది, స్నిగ్ధ చెవులు మూసుకుని గోడకు తల బాదుకుంది. దాంతో సైరన్ పీకేసి, అలారాన్ని మాట చెబితే వినే స్పీకరుకు కలిపాడు. బైబిలు వాక్యాల క్యాలెండరు పక్కన, షెల్ఫ్ మీద పెట్టాడు. తలుపు కదిలితే అది పొరుగు రాష్ట్రం మనిషి తెలుగు నేర్చుకుంటున్నట్టు, నొక్కి నొక్కి “తలుపు తీసిండ్రు” అనేది.

“ఇగ జర నిమ్మళంగ ఉండు,” అన్నాడు గిడియోన్. “బంద్ చేసుడు గూడ నోటితోనే, నంబర్ చెప్పాలె. గని బంద్ చేస్తే అది ఏం చెప్పది, నా ఫోన్‌కు గూడ రాదు. యాదిపెట్టుకో.”

ఆశా యాది పెట్టుకుంది. మరిచిపోయి చేసిన తప్పయితే ఇంత కోసేది కాదు.

చర్చి స్త్రీల ప్రార్థన కూడిక వారానికొక ఇంట్లో జరుగుతుంది. సెప్టెంబరులో ఒక గురువారం మధ్యాహ్నం ఆశా ఇంటి వంతు వచ్చింది. గిడియోన్ పని మీద టేక్మాల్ పోయాడు. కూడిక నడిపించేది జ్ఞానమ్మ, డెబ్బై ఏళ్ల రిటైర్డ్ నర్సు. ఆమె మాటకు ఎదురుచెప్పినవాళ్లు మెదక్‌లో ఇంకా పుట్టలేదు. ఆలస్యంగా ఒక్కొక్కరే వస్తున్నారు, కీర్తన మధ్యలో స్పీకరు ప్రతిసారీ “తలుపు తీసిండ్రు” అంటోంది.

“దేవుని మాట మధ్యల దీని మాటేందమ్మా? బంద్ చెయ్యి బిడ్డా,” అంది జ్ఞానమ్మ.

“పిల్ల ఉన్నది పెద్దమ్మా...”

“ఇరవై మందిమి ఉన్నం. పిల్ల యాడికి పోతది?”

ఆశా నంబర్ చెప్పింది. స్పీకరు ఆగిపోయింది.

“ఇయ్యాల అందరం స్నిగ్ధకు మాట రావాలని అడుగుదాం,” అంది జ్ఞానమ్మ. “ఆశా, నువ్వు సగం కన్ను తెర్సుకొని అడుగుతే దేవుడు సగమే ఇస్తడు. రెండు కండ్లు మూస్కో.”

ఎనిమిదేళ్లుగా ఒక్క ‘అమ్మా’ కోసం కాచుకున్న మనిషి ఆ మాటకు లొంగకుండా ఎలా ఉంటుంది? మూలన కూర్చుని గుండీలు పేరుస్తున్న కూతుర్ని ఒకసారి చూసుకుంది. రెండు కళ్లూ మూసుకుంది. చుట్టూ ఇరవై గొంతులు స్నిగ్ధ పేరు పెట్టి ఏడుస్తుంటే, మొదటిసారి తన బరువు ఇంకెవరో ఎత్తుకున్నట్టు అనిపించి తనూ ఏడ్చింది.

ఆమేన్ అన్నాక కళ్లు తెరిస్తే మూలన గుండీల వరస ఉంది. పిల్ల లేదు.

ఆశా షెల్ఫ్ దగ్గరికి పోయి స్పీకరును రెండు చేతులా పట్టుకుంది. “తలుపు తీసిండ్రా? ఎప్పుడు తీసిండ్రు? చెప్పు!” అని అరిచింది. అర్థం కాలేదని అది ఇంగ్లిషులో మర్యాదగా చెప్పింది.

గుమ్మం ముందు చెప్పుల కుప్ప లేదు. అందరి చెప్పులూ జతలు జతలుగా, మెట్లమీదా సందు పొడవునా ఒకే దిక్కు చూస్తున్నాయి. ఆడవాళ్లు వట్టి కాళ్లతో వాటి వెంట పరుగెత్తారు. చెప్పులు మలుపు తిరిగి కాలువ దారి పట్టాయి. బట్టలుతికే మెట్ల మీద చివరి జత ఉంది. చిన్నది, నీలం రంగుది, స్నిగ్ధది.

వానలకు కాలువ నిండుగా పోతోంది. ఈత రాని ఆశా రొమ్ముల లోతు నీళ్లలోకి దిగిపోయింది. “ఒక్క మాట అను బిడ్డా! ఏదన్న అను!” అని అరుస్తోంది. పది గజాల దూరంలో ఉన్నా ఆ పిల్ల పలకదని ఆమెకు తెలుసు, అయినా అరుస్తోంది. ఒడ్డున బురదలో జ్ఞానమ్మ కూలబడింది. ఎప్పుడూ తడుముకోని ఆ నోటికి ఒక్క ప్రార్థన కూడా రాలేదు.

“ఓ అమ్మా! గీ పిల్ల మీదేనా?”

దిగువన కల్వర్టు కింద, గేదెలు కాసే ఎల్లం కూర్చుని ఉన్నాడు. పక్కనే స్నిగ్ధ, నీళ్లలో కాళ్లు ఆడిస్తోంది. గౌను కొస అతని పిడికిట్లో ఉంది. “పిలిస్తే పలుకుతలేదు. ఇడిస్తే దిగుతది. గందుకే పట్టుకొని కూసున్న,” అన్నాడు.

ఆశా కొట్టడానికి చెయ్యెత్తి, ఆ చేత్తో తన చెంపే వాయించుకుంది.

గిడియోన్ వచ్చి కేకలు వేయలేదు. ఫోన్‌లో చూశాడు. అలారం మోగకపోయినా, ఫోన్‌కు కబురు రాకపోయినా, తలుపు తీసిన సమయం లోపల లెక్కలో రాసి ఉంది. మూడూ పన్నెండుకు తీశారు, మూడూ పన్నెండుకే వేశారు. అప్పుడు అందరూ స్నిగ్ధ పేరు చెప్పి దేవుణ్ని పిలుస్తున్నారు. పిల్ల ఎవరినీ కదిలించకుండా మెల్లగా తలుపు వేసుకుని పోయింది.

మరుసటి గురువారం ఆశా కూడికకు పోలేదు. సాయంత్రం జ్ఞానమ్మ ఒక్కతే వచ్చింది. స్పీకరు “తలుపు తీసిండ్రు” అంది. “చెప్పనియ్యి,” అంటూ జ్ఞానమ్మ తలుపు వేసి, దానికే వీపు ఆనించి కింద కూర్చుంది.

“నాకు కండ్లు మూతపడ్తలేవు పెద్దమ్మా. పండుకున్నా పడ్తలేవు.”

“నిన్ను మూస్కోమన్నది నేనే గద బిడ్డా,” అంది జ్ఞానమ్మ. “ఇయ్యాల నువ్వు మూస్కో. నేను తెర్సుకుంట.”

ఆమె చేతులు జోడించి, స్నిగ్ధ మీదనుంచి చూపు తిప్పకుండా మొదలుపెట్టింది. మాట ఇమ్మని అడగలేదు. “ప్రభువా, పిల్ల మూలకు కూసున్నది. గుండీలు పేరుస్తంది. ఇప్పుడు ఎర్రది పెట్టింది. పిల్ల ఈడనే ఉన్నది, నాకు కనబడ్తంది. ఇప్పుడు తెల్లది పెట్టింది...”

ఆశా కుడి కన్ను చాలాసేపు తెరుచుకునే ఉంది. గుండీల డబ్బా సగం ఖాళీ అయ్యాక, అదీ మూతపడింది.