గ్యాసే అనుకున్నాం

భుజం నొప్పి మొదలైనప్పుడు నేను టెనెరిఫ్‌లో కొండ మీదికి పోయే బస్సులో ఉన్నాను. అట్లాంటిక్ సముద్రంలో అగ్నిపర్వతం పెరిగి దీవిగా మారిన చోటది. మా మరదలు రజిత అక్కడ హోటల్లో పనిచేస్తుంది. ఆమెను చూడడానికి నేను, నా భార్య సునీత గోదావరిఖని నుంచి పోయాం.

నేను బొగ్గుబాయిలో దిగి పనిచేసేవాణ్ని. "బాయిల దిగేటోనికి సముద్రమొక లెక్కనా బావా?" అని రజిత ఎగదోస్తే స్కూబా డైవింగ్ కోర్సులో చేరాను. ఆ పొద్దున లోతులో ఉండగా మాస్కులోకి నీళ్లొచ్చాయి. బాయిలో మాకు తెలిసింది ఒక్కటే, ఏదన్నా తేడా వస్తే పైకి రావాలి. పైకొస్తే బతికినట్టే. గబగబా పైకి వచ్చేశాను. కోర్సు నేర్పేవాడు కోప్పడి, ఇవాళ కొండెక్కొద్దు, విమానం ఎక్కొద్దు అన్నాడు. ఒంట్లో బాగానే ఉంది కదా అని ఆ మధ్యాహ్నమే కొండకు బయల్దేరాం.

"తినకుండ తిరిగితే గ్యాస్ పట్టదా?" అంటూ సునీత బస్సులోనే సంచిలోంచి అరుగుదలకని ఓమ గింజలు తీసి నా నోట్లో వేసింది. మా దగ్గర భుజం పట్టినా, నడుం పట్టినా గ్యాసే. కేబుల్ కార్ ఎక్కి పైకి పోయాం. ఎటు చూసినా మా దగ్గరి ఓపెన్‌కాస్టు గనుల మట్టిగుట్టల్లా నల్లరాళ్లే, గడ్డిపోచ లేదు. అక్కడ ఒళ్లంతా దురద పెట్టింది, కాళ్లు తిమ్మిరెక్కాయి.

కిందికి దిగి ఒక క్లినిక్‌కు పోయాం. రజిత అక్కడి భాషలో గ్యాస్ అనే చెప్పింది. డాక్టర్ కడుపు నొక్కి చూసి యాంటాసిడ్ ఇచ్చాడు. సముద్రం సంగతి ముగ్గురిలో ఒక్కరం కూడా ఎత్తలేదు. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే రెండు కాళ్లూ చచ్చుబడి కూలబడ్డాను. అప్పటికి చాలాసేపటి నుంచి మూత్రం కూడా రావడం లేదు.

రజిత కోర్సు నేర్పేవాడికి ఫోన్ చేసింది. "కొండ ఎక్కిండా అని అడుగుతుండు," అంది. ఎక్కాడని చెప్పింది. అతనే అంబులెన్స్ పంపించాడు.

పెద్ద హాస్పిటల్లో డాక్టర్, "డీకంప్రెషన్ సిక్‌నెస్. స్పైనల్ కార్డ్," అన్నాడు. మిగతాది రజిత చెప్పింది. "గ్యాసేనట బావా. కడుపుల కాదు, ఒంట్ల, వెన్నుపాములనట. నువ్వు జల్ది పైకొస్తే నైట్రోజన్ బుడగలు కట్టిందట. కొండెక్కితే గవి ఇంకింత పెద్దగైనయట."

"నడుస్తనా?"

"ఆలస్యం చేసిండ్రంటుండు."

హైపర్‌బారిక్ ఛాంబర్ అనే ఇనుప గొట్టంలో పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. లోపల ప్రెషర్ పెంచి, లోతుకు దించినట్టే దించి, మెల్లగా పైకి తెస్తారట. మొదటిసారి బయటికొచ్చాక కాలివేళ్లు కదిలాయి. సునీత ఏడ్చేసింది. మర్నాడు పొద్దున మళ్లీ మొద్దుబారాయి. సునీత దుప్పటి కింద చెయ్యి పెట్టి, "గిచ్చితే తెలుస్తుందా?" అని అడిగింది.

"తెలుస్తుంది," అన్నాను.

"నేనింకా గిచ్చనే లేదు," అంది.

అంత భయం బాయిలో కప్పు కూలిననాడు కూడా నాకు కలగలేదు. ఛాంబర్‌లో ఇంకా ఎన్నోసార్లు పెట్టారు. ఎడమకాలు స్వాధీనంలోకి వచ్చింది. విమానం ఎక్కనిచ్చేసరికి వారాలు పట్టింది. కరీంనగర్‌లో ఫిజియోథెరపీ ఏడాదికి పైనే సాగింది.

ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తాను. ల్యాంప్‌రూములో కూర్చొని, బాయి దిగేవాళ్లకు దీపాలిస్తాను. "పైననే ఉంటవ్, నీకేం ఫికరే అన్నా," అంటారు వాళ్లు. నవ్వి తర్వాతి దీపం అందిస్తాను. కుడికాలికి వేడీ చల్లా తెలియదు. స్నానం నీళ్లు సునీత ముట్టుకొని చూశాకే పోసుకుంటాను.

డాక్టర్ దగ్గరికి పోతే రోగం పేరు మీరు పెట్టకండి. ముందు ఎక్కడికి పోయారో, ఏం చేశారో చెప్పండి. సముద్రంలో దిగితే అదే మొదటి మాట కావాలి. సునీత ఇప్పటికీ నన్ను కళ్లు మూసుకోమని కుడికాలు గిచ్చుతుంది. నేను అబద్ధం చెప్పను. "గిచ్చినవా?" అని అడుగుతాను.