బెజవాడ నుంచి వచ్చిన మర్నాడు

మారేడ్‌పల్లి బజారులో తోపుడుబండి మీద మగ్గిన తాటిపండ్ల వాసన తగిలితే ఎనభై ఐదేళ్ల వయసులోనూ నా అడుగు ఆగిపోతుంది. వెంటనే బెజవాడ గుర్తొస్తుంది.

నిజాం రాజ్యంలో రోజులు బాగాలేవని, సికింద్రాబాదులో కంపౌండరు పని వదిలి రాలేని మా నాయన, అమ్మనూ ఒక్కగానొక్క కూతురినైన నన్నూ బెజవాడలో చిన్నమ్మ ఇంటికి పంపించాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. కొండలకూ కృష్ణకూ మధ్య ఇరుక్కున్న చిన్న ఊరది. ఇళ్లు రాళ్లను పట్టుకుని మెట్లు మెట్లుగా కొండ ఎక్కేవి. పగలంతా కాగిన బండలు దీపాలు పెట్టాక కూడా సెగలు కక్కేవి. కాలువలో బస్తాల పడవలను గట్టు మీది మనుషులు తాళ్లతో లాగుతుంటే మేం వాళ్ల వెంట పరుగెత్తేవాళ్లం. వానలకు నది ఎర్రబడితే ఆనకట్ట దగ్గర ఆ హోరులో పక్కవాళ్ల మాట వినపడేది కాదు. చిన్నమ్మ తాటిపండు గుజ్జులో బియ్యప్పిండి, బెల్లం కలిపి రొట్టె కాల్చేది. "జెర ఇంకింత పెట్టు" అని నేనంటే నా యాసకు వీధి పిల్లలు పకపకా నవ్వేవారు.

అమ్మ నవ్వేది కాదు. నాయన ఉత్తరాలు ఆగిపోయాయి. ఒకరోజు హోటల్లో రేడియో ముందు జనం గుమిగూడారు: సైన్యం హైదరాబాదులోకి వెళ్తోందట. నిజాం లొంగిపోయాడని తెలిసి ఊరంతా మిఠాయి పంచుకుంటే, అమ్మ తన లడ్డూ నా చేతిలో పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది. రైళ్లు నడవగానే సికింద్రాబాదుకు బయలుదేరాం.

మా ఇంటికి బయట తాళం వేసి ఉంది. అమ్మ గడప ముందే కూలబడింది. అంతలో పెరటివైపు నుంచి నాయన గబగబా వచ్చి మమ్మల్ని వెనక తలుపు గుండా తీసుకెళ్లాడు. వంటింట్లో పక్కింటి దర్జీ భార్య బీబమ్మ, నాతో రోజూ అచ్చనగాయలాడే ఆమె కూతురు రజియా గోడకు ఆనుకుని కూర్చున్నారు. నిజాం లొంగిపోయాక ముస్లింల ఇళ్ల మీద దాడులు మొదలయ్యాయి; పని మీద పోయిన దర్జీ తిరిగి రాలేదు.

"నాలుగు దినాలసంది ఈడనే ఉన్నరు. ఎవరికీ జెప్పకుండ్రి" అన్నాడు నాయన.

"మీకు తక్లీఫైతది వదినా, మేం పోతం" అంటూ బీబమ్మ లేవబోయింది.

అమ్మ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది.

మేం రావడం వీధంతా చూసింది. ఇంకా తాళం ఉంటే అనుమానిస్తారు. మర్నాడు నాయన దవాఖానాకు పోయాక అమ్మ తలుపులు బార్లా తెరిచి, గడప మీద చేట పెట్టుకుని బియ్యం ఏరడానికి కూర్చుంది. కాసేపటికి కర్రలతో ముగ్గురు వచ్చారు.

"దర్జీ ఇంటోళ్లు గిటు వచ్చిన్రా అమ్మా?"

"నేను నిన్ననే వచ్చిన. నాకేమెరుక?"

ఒకడు లోపలికి తొంగిచూశాడు. "లోపట ఎవరున్నరు?"

"నా బిడ్డ."

నేను అమ్మ పక్కనే నిలబడి ఉన్నాను. అతను నన్ను చూశాడు, అమ్మను చూశాడు. అమ్మ గడప మీంచి లేవలేదు. అతను "నడువుండ్రి" అన్నాడు మిగతా ఇద్దరితో.

వారం తర్వాత దర్జీ బతికొచ్చాడు. ఇల్లమ్మి, భార్యాబిడ్డలతో షోలాపూరు బంధువుల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ రెండిళ్ల చోట ఐదంతస్తుల భవనం ఉంది. దాని ముందునుంచి వెళ్లినప్పుడల్లా, టాంగా ఎక్కే ముందు రజియా నన్ను పేరు పెట్టి పిలవడం గుర్తొస్తుంది. ఏడుస్తానని సిగ్గుపడి నేను పెరట్లో దాక్కున్నాను. ఆ పిల్ల రెండుసార్లు పిలిచింది.