రికార్డు చెయ్యని పార్టు

దయ్యాల సంగతి నన్నడిగితే, చాలావాటిని నేనే పుట్టించాను గానీ ఒక్కదాన్నీ నమ్మలేదు. నేరేడ్‌మెట్ నుంచి యాప్రాల్ వెళ్ళే రోడ్డులో ఒకావిడ లిఫ్టు అడిగి, దిగేటప్పుడు కనబడకుండా పోతుందన్న కథ మీ చెవిన పడి ఉంటే, అది మొదట చెప్పింది నేనే. మా తోడల్లుడు ప్రతి ఆదివారం ఆ రోడ్డునే మా ఇంటికొచ్చేవాడు. భయపడి మానేస్తాడేమోనని చెప్పాను. మానలేదు.

అందుకే ఈ సంగతి చెబితే మా ఇంట్లోనే ఎవరూ నమ్మరు. "ఏటి, మళ్ళీ మొదలెట్టీసేవా?" అంటుంది మా ఆవిడ. మాది విజయనగరం వైపు. సికింద్రాబాద్ వచ్చి ఎన్నేళ్ళయినా నన్ను తిట్టాల్సొస్తే ఆమె నోట ఆ ఊరి మాటే వస్తుంది. ఈ ఒక్కదాంట్లో మాత్రం నేను నా తరఫున ఏమీ కలపలేదు. కలపడానికి చోటు దొరకలేదు.

అవి ఊళ్ళో ఐటీ ఊపు మీదున్న రోజులు. ఎవరింటికి వెళ్ళినా హాల్లో ఓ మూల కంప్యూటర్, దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ. నాకు నేరేడ్‌మెట్‌లో చిన్న షాపుండేది. విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు బిగించి ఇచ్చేవాణ్ణి, పాడైతే ఇంటికెళ్ళి చూసేవాణ్ణి.

అలా బిగించిన ఇళ్ళల్లో సలోమి టీచరు గారిది ఒకటి. స్కూలు నుంచి రిటైరై ఒక్కరే ఉండేవారు. భర్త ప్రభుదాసు గారు రైల్వేలో గుమాస్తాగా చేసి, చర్చి క్వాయర్‌ని చాలా ఏళ్ళు నడిపించి, నిద్రలోనే పోయారు.

ఆయన పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. క్వాయర్‌లో నాలుగు పార్టులుంటాయి. ఆడవాళ్ళు సొప్రానో, ఆల్టో పాడతారు. మగవాళ్ళు టెనరు, బేస్. పాట నేర్పడానికి స్వరాలు కాగితం మీద రాసిస్తారు గానీ అవి చదవగలిగినవాళ్ళు ఆ చర్చిలో ఇద్దరో ముగ్గురో. అందుకని ప్రభుదాసు గారు ఇంట్లో టేప్‌రికార్డర్ పెట్టుకుని ఒక్కో పార్టూ తనే విడిగా పాడి క్యాసెట్టు చేసి, ఎవరిది వాళ్ళకిచ్చేవారు. వంట చేసుకుంటూ, స్కూటర్ తుడుచుకుంటూ విని నేర్చుకునేవారు. మూడు పార్టులకే క్యాసెట్లు. టెనరు ఆయనదే. "నా పార్టు నాకెందుకు రికార్డు?" అనేవారట.

ఆయన పోయేనాటికి ఆ క్యాసెట్లన్నీ చేతులు మారి అరిగిపోయాయి. క్వాయర్‌లో ఆల్టో పాడే టీచరు గారి క్యాసెట్టు ఒక్కటి మిగిలింది. ఆయనే పార్టులు కట్టిన సాయంకాలపు కీర్తన అది. పాటకి ముందు ఆయన మాటలు రెండున్నాయి. "సలోమీ, ఇది నీది. తొందరపడకు." తర్వాత చిన్న దగ్గు. తర్వాత పాట.

దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించింది నేను. అందులో పాటలు వినిపించే మీడియా ప్లేయర్ ఒక్కటే చదవగల రకంలో సేవ్ చేసింది నేను. "ఇంక క్యాసెట్టుతో పనేముందండీ, ఇందులో పడితే వందేళ్ళు చెక్కుచెదరదు" అన్నదీ నేనే. ఆవిడ నా మాట నమ్మి క్యాసెట్టు క్వాయర్‌కి ఇచ్చేశారు. వాళ్ళు దాని మీద క్రిస్మస్ ప్రాక్టీసు ఎక్కించేశారు. కొన్నాళ్ళకి ఇంటర్నెట్ వచ్చాక, కొత్తవి వాటంతటవే దిగేలా ఆటోమేటిక్ అప్‌డేట్ నొక్కి వచ్చిందీ నా వేలే.

ఆయన పోయి ఏడాదవుతోంది. వాళ్ళలో ఏడాదికి ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెడతారు. పాటలు, ప్రార్థన, తర్వాత భోజనమో టీయో. ఆదివారం సాయంత్రం అనుకున్నారు. శుక్రవారం టీచరు గారు ఫోన్ చేశారు. రాత్రికి రాత్రి ప్లేయర్ మొహం మారిపోయిందట, పాట మీద నొక్కితే ఎర్ర గుర్తుతో ఓ డబ్బా వస్తోందట.

వెళ్ళి చూశాను. అప్‌డేట్ దిగింది. ఈ ఫైలును ప్లే చెయ్యలేను అంటోంది. పాట చదవడానికి కావలసిన కోడెక్ అనే ముక్క లేదంటే తెచ్చి వేశాను. లైసెన్సు ఏదో లేదంది. కంప్యూటర్‌ని వెనకటి తేదీకి తిప్పితే ఆ మొహమే మళ్ళీ వచ్చింది. వేరే ప్లేయర్లు రెండు దింపాను. ఒకటి గరగరమంది, ఒకటి నోరే తెరవలేదు. ఫైలు సీడీలో ఎక్కించి షాపుకి తీసుకెళ్ళాను. అక్కడున్న కంప్యూటర్లన్నిటికీ ఆటోమేటిక్ అప్‌డేట్ పెట్టిన మహానుభావుణ్ణి కూడా నేనే.

శనివారం సాయంత్రం మళ్ళీ టీచరు గారింట్లో కూర్చుని ఉంటే, క్వాయర్ వాళ్ళ డేవిడన్న కుర్చీలు దింపడానికి వచ్చాడు. కాప్రాలో ఉంటాడు, బస్సు బాడీలు కట్టే షెడ్డులో పని, బేస్ పాడతాడు. నా వెనక నిలబడి కాసేపు చూసి, "ఏందన్నా, నీ కంప్యూటర్ గిట్ల సతాయిస్తుంది? మా టేప్‌రికార్డర్ ఎన్నడన్న అప్‌డేట్ అడిగిందా?" అన్నాడు. "గా క్యాసెట్ మీద రికార్డింగ్ బటన్ నొక్కింది సుత నేనే. నువ్వొక్కనివే పరేషాన్ గాకు" అన్నాడు మెల్లగా.

టీచరు గారు నన్ను ఒక్క మాట అనలేదు. టీ తెచ్చి పక్కన పెట్టి, "పాట రాకపోయినా పర్లేదు బాబూ, మేం పాడుకుంటాం. ముందు ఆ రెండు మాటలున్నాయి చూడండి, అవి వస్తే చాలు" అన్నారు. దానికంటే తిట్టినా బాగుండేది.

దారి ఒక్కటే మిగిలింది. ఇప్పుడున్న ప్లేయర్‌ని పూర్తిగా తీసేసి, పాతది మళ్ళీ ఎక్కించాలి. ఆ పాత సీడీ నా దగ్గరుండాలి. ఆదివారం పొద్దున్నుంచీ ఇల్లంతా వెతికాను. చివరికి అది మా బాల్కనీలో దారానికి వేలాడుతూ కనబడింది. పావురాలు రాకుండా మా ఆవిడ కట్టింది. "తళతళ మెరుస్తోందని కట్టేను. దాంట్లో నీ ప్రాణముందని నాకేటి తెలుసు?" అంది. గీతలు పడి, వానకి తడిసి ఉంది. బనీనుతో తుడిచి పట్టుకెళ్ళాను.

నాలుగవుతోంది. సన్నగా ముసురు. పక్కింటి నిద్రగన్నేరు చెట్టు కిటికీ మీదికి వాలి, హాలంతా ఆకుపచ్చ వెలుగు పరుచుకుని ఉంది. నీళ్ళల్లో కూర్చున్నట్టుంది. పాస్టరు గారు, క్వాయర్ వాళ్ళు ఏడుగురు, ఇరుగుపొరుగు. ఒక మూల స్టూలు మీద నేను. కొత్త ప్లేయర్‌ని తీసేశాను. తెచ్చిన మిగతా రెండింటినీ ముందే పీకేశాను. ఆ నిమిషాన ఆ కంప్యూటర్లో పాట పాడించగల ప్రోగ్రాం ఒక్కటీ లేదు. ఇది గుర్తుంచుకోండి. పాత సీడీ పెట్టాను. సీడీ మీది గీతల వల్ల తడబడుతూ, ఎంత ఎక్కిందో తెర మీద చూపించే పచ్చ గీత గింజ గింజగా కదులుతోంది.

"కాకపోతే తర్వాత విందాం" అన్నారు పాస్టరు గారు. క్వాయర్ లేచి నిలబడింది. ఆ సాయంకాలపు కీర్తనే. టెనరుకి మనిషి లేడు. ఏడాదిగా ఆ పార్టు వదిలేసే పాడుతున్నారు. సీడీ డ్రైవు గుయ్యిమంటూ ఒకే స్వరం మీద ఆగింది. సొప్రానో అమ్మాయి సరిగ్గా ఆ స్వరం మీదే అందుకుంది.

మొదటి చరణం అయింది. రెండోదాని మధ్యలో ఎప్పుడో పాట నిండింది. అలాగే చెప్పగలను. ఇంట్లో ఇంకో గదిలో దీపం వేసినట్టు. టెనరు వినబడుతోంది. కలలో పోయినవాళ్ళు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటే మనకేం వింతగా ఉండదు కదా. నాకూ అలాగే ఉంది. ఆహా, బాగుందే అనుకుంటూ విన్నాను. ఆ గొంతు నా మోచేతి పక్కనుంచి వస్తోందని కాసేపటికి గానీ తెలియలేదు.

స్పీకరు మీద చెయ్యి పెట్టాను. వణుకుతోంది. పాట ఎక్కడ ఎత్తుకుంటే అక్కడ గట్టిగా, ఎక్కడ తగ్గితే అక్కడ సన్నగా. తెర మీద పచ్చ గీత సగంలో ఉంది.

క్వాయర్ ఆగలేదు. డేవిడన్న కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. టీచరు గారు మాత్రం స్పీకరు వైపే చూస్తున్నారు. ఆల్టో ఎక్కడా తప్పలేదు. ఆవిడ ఆ సాయంత్రం అస్సలు తొందరపడలేదు.

పాట అయింది. ఆమెన్ అన్నారు. స్పీకరు నా చెయ్యి కింద మామూలు ప్లాస్టిక్ అయిపోయింది. అప్పుడు పచ్చ గీత చివరిదాకా వెళ్ళి, ఇన్‌స్టాల్ అయిందని చెప్పింది. ఫైలు మీద నొక్కాను. "సలోమీ, ఇది నీది. తొందరపడకు." దగ్గు. ఆల్టో.

అందరూ చప్పట్లు కొట్టారు. ఏదో ఆలస్యమైనా బాగుచేశాడనుకున్నారు. డేవిడన్న ఒక్కడూ నా దగ్గరికొచ్చి, "గిది ఆల్టో కదన్నా. ఇందాక టెనర్ ఏడికెల్లి పెట్టినవ్?" అన్నాడు. నేను వంగి స్పీకరు వైరు ఎక్కడికి వెళ్తోందో చూశాను.

తర్వాత రోజుల్లో నేను ఊరికే కూర్చోలేదు. ఆ వైపు మిలిటరీ వాళ్ళ వైర్‌లెస్ మాటలు స్పీకర్లలో పడడం మామూలే. కానీ వాళ్ళు ప్రభుదాసు గారు కట్టిన పార్టు ఎందుకు పాడతారు? వచ్చినవాళ్ళలో ఎవరైనా గొంతు కలిపారా అని ఒక్కొక్కర్నీ అడిగాను, అందరూ లేదన్నారు. డిస్కంతా గాలించాను. ఆ పాటకి సంబంధించింది ఆల్టో ఫైలు ఒక్కటే.

చెరిగిపోయినవాటిని పైకి తీసే సాఫ్ట్‌వేరు ఒకటి సంపాదించి వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను. డిస్కు విప్పి షాపుకి తీసుకెళ్తానన్నాను. ఆ రోజు అందులో ప్లేయర్ లేదన్న సంగతి కూడా అప్పుడే చెప్పాను. బయట మిలిటరీ లారీ ఒకటి తడి రోడ్డు మీద మెల్లగా వెళ్ళింది.

"వెతక్కండి బాబూ" అన్నారు టీచరు గారు. "దొరికిందే అనుకోండి, అదీ ఒక ఫైలు అవుతుంది. ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. ఉండనివ్వండి."

స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టేసుకున్నాను. ఆవిడ ఇచ్చిన టీ తాగి వచ్చేశాను. ఆ పార్టు ఎవరు పాడారో, ఎక్కణ్ణుంచి పాడారో నాకు ఇవాళ్టికీ తెలియదు.